కార్కసోన్ కోట ఎచింగ్ కొన్నారు సరే, అది ఎప్పటిది?

మీరు అడిగింది ఇదీ: తూలూజ్‌లో ఆదివారం సంతలో 40 యూరోలు పెట్టి ఫ్రేము కట్టిన ఎచింగ్ ఒకటి కొన్నారు. కార్కసోన్ కోట, దాని ముందు పాత వంతెన. అమ్మినాయన "17వ శతాబ్దం సరుకు" అన్నాడు. బొమ్మ కింద కుడిపక్క పెన్సిల్ సంతకం ఉంది, చదవడానికి రావడం లేదు. ఎడమపక్క పెన్సిల్‌తోనే 43/200 అని వేసి ఉంది. ఆకాశం మీద గోధుమ రంగు చుక్కలు, మౌంట్ (ఫ్రేము లోపల బొమ్మ చుట్టూ ఉండే అట్ట) అంచు వెంబడి బొమ్మ చుట్టూ గోధుమ చార. ఇది అసలైనదేనా, నిజంగా అంత పాతదా, విప్పి శుభ్రం చేసుకోవచ్చా, విజయవాడలో నాన్నగారి కొత్తింటి హాల్లో పెడితే నిలుస్తుందా, ఎంత పలుకుతుంది?

నేను ప్రింట్‌మేకింగ్ నేర్చుకుని, ఆ తర్వాత చాలా ఏళ్ళుగా కాగితం మీది పాత బొమ్మల్ని బాగు చేసే పనిలో ఉన్నాను. ఫొటోలు చూసి చెప్పేది కాబట్టి దాని పరిమితి దానికుంది. అయినా మీ ఫొటోల్లో కావలసినంత సమాచారం ఉంది. రాగిరేకు మీంచి అచ్చు తీసిన నిజమైన ఎచింగే అనిపిస్తోంది. 17వ శతాబ్దానిది మాత్రం కాదు. 1900కీ 1940కీ మధ్య ఎప్పుడో చేసినది అయ్యుండాలని నా అంచనా. ఆ మాట అనడానికి సంతకం కంటే, కాగితం కంటే ముందు నేను చూసింది కోట బురుజుల మీది కప్పుల్ని.

మీ రెండో ఫొటో మళ్ళీ తెరిచి, కోట పైఅంచు దగ్గర పెద్దది చేసి చూడండి. బురుజుల నెత్తిన కోసుగా, శంకువుల్లా, దట్టమైన గీతలతో నల్లగా కప్పులున్నాయి కదా. అవి స్లేటు రాతి కప్పులు. 17వ శతాబ్దంలో ఎవరైనా ఆ వంతెన అవతల నిలబడి కోటను గీస్తే ఈ వరస శంకువులు కనిపించే అవకాశమే లేదు. వాటిని పెట్టించింది 19వ శతాబ్దపు వాస్తుశిల్పి యూజీన్ వియొలే-ల్యు-డ్యూక్.

ఈ కథ కొంచెం తెలిస్తే మీ బొమ్మను చూసే చూపే మారుతుంది. కార్కసోన్ కోట చాలాకాలం ఫ్రాన్సుకు స్పెయిన్ వైపు సరిహద్దు కోట. 1659లో రెండు దేశాలకూ పిరనీస్ ఒప్పందం కుదిరి, రూసియోన్ ప్రాంతం ఫ్రాన్సుకు దక్కింది. సరిహద్దు దక్షిణానికి జరిగిపోయింది. కోటతో పని తీరిపోయింది. డబ్బున్నవాళ్ళు, వ్యాపారాలు అప్పటికే నది అవతలి కింది ఊళ్ళో స్థిరపడ్డాయి. కోటలో పేదలు మిగిలారు. లోపలి గోడకీ బయటి గోడకీ మధ్య ఉన్న ఖాళీలో గోడలకు ఆనించి నేతగాళ్ళు, కూలీలు గుడిసెలు, చిన్న ఇళ్ళు కట్టుకున్నారు. గోడల రాళ్ళు ఊడదీసి ఇళ్ళకు వాడుకున్నారు. చివరికి 1849 నాటికి ప్రభుత్వం ఈ గోడల్ని పడగొట్టవచ్చనే నిర్ణయం దాకా వచ్చింది. స్థానిక చరిత్రకారుడు జాన్-పియేర్ క్రో-మైరవియేయ్, చారిత్రక కట్టడాల ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న రచయిత ప్రోస్పేర్ మెరిమే పట్టుబట్టి దాన్ని ఆపించారు. కోట లోపలి సాన్-నజేర్ చర్చి పనులు 1844 నుంచే చూస్తున్న వియొలే-ల్యు-డ్యూక్‌కు కోటగోడల పని కూడా అప్పగించారు. 1853లో పడమటి, నైరుతి గోడల దగ్గర మొదలుపెట్టి, తర్వాత నార్బొన్ ద్వారం వైపు వెళ్ళారు. 1879లో ఆయన పోయాక శిష్యుడు పోల్ బోస్విల్‌వాల్డ్ కొనసాగించాడు. పని 20వ శతాబ్దంలోకి సాగింది.

గోడలు బాగుచేసినందుకు ఎవరూ పెద్దగా తప్పు పట్టలేదు. గొడవంతా కప్పుల మీదే. దక్షిణ ఫ్రాన్సులో ఇళ్ళ కప్పులు వాలు తక్కువగా, ఎర్ర పెంకుతో ఉంటాయి. మీరు తూలూజ్‌లోనే ఉంటున్నారు కాబట్టి కిటికీలోంచి చూస్తే తెలుస్తుంది. స్లేటు పలకల నిటారు శంకువులు ఉత్తరాది పద్ధతి. మంచు కురిసే చోటి కప్పులు తెచ్చి ఎండ కాసే చోట పెట్టాడని అప్పట్లోనే విమర్శలు వచ్చాయి. ఆయన వాదన ఆయనకుంది: 1209 క్రూసేడు (చర్చి పేరిట జరిగిన మతయుద్ధం) తర్వాత కోట ఉత్తరాది పాలకుల చేతికి వెళ్ళింది, వాళ్ళు తమ పద్ధతిలో కట్టి ఉంటారని. ఎవరిది ఒప్పో ఇక్కడ తేల్చక్కర్లేదు. నన్నడిగితే, ఆ శంకువులు లేకపోతే కార్కసోన్‌కు ఇవాళ వస్తున్న జనంలో సగం మంది వచ్చేవాళ్ళు కాదు. 20వ శతాబ్దం మధ్యలో రోమన్ల కాలపు పునాదులున్న కొన్ని బురుజుల మీద స్లేటు తీసేసి, వాలు తక్కువగా ఎర్ర పెంకు వేశారు. ఇప్పుడు మీరు వెళ్ళి చూస్తే రెండు రకాలూ కనిపిస్తాయి.

అంటే ఈ బొమ్మల్లో కప్పులే క్యాలెండరు. బురుజులు బోడిగా, పళ్ళూడిన గోడలతో ఉంటే చూసి గీసినది 1853కి ముందుది కావచ్చు. శంకువులుంటే ఆ తర్వాతిది. ఎర్ర పెంకు కప్పులు కూడా ఉంటే మన కాలానికి ఇంకా దగ్గరిది. ఒక షరతు ఉంది. బొమ్మలో కప్పు ఉంటే అది గట్టి సాక్ష్యం. లేకపోవడం అంత గట్టి సాక్ష్యం కాదు, ఎందుకంటే పాత డ్రాయింగు ఎదురుగా పెట్టుకుని వందేళ్ళ తర్వాత ఎచింగ్ చేసినవాళ్ళున్నారు, శిథిలం అందంగా ఉంటుందని కావాలనే కప్పులు ఎగరగొట్టినవాళ్ళూ ఉన్నారు. మీ బొమ్మలో కప్పులున్నాయి. అమ్మినాయన మాట అక్కడితో సరి.

ఇంకోటి కూడా చూడండి. నది ఒడ్డు నుంచి, అంటే పడమటి వైపు నుంచి కోటను చూస్తే ఎడమ ఉత్తరం, కుడి దక్షిణం. ట్రాంకవెల్ ప్రభువుల కోటభవనానికి కుడివైపు దూరంగా సాన్-నజేర్ చర్చి రావాలి. మీ బొమ్మలో అది ఎడమవైపు ఉందని నాకనిపించింది. ఫోన్లో మామూలు ఫొటో ఒకటి పక్కన పెట్టుకుని సరిచూడండి. నిజంగానే తిరగబడి ఉంటే కంగారు పడొద్దు, అది నకిలీకి గుర్తు కాదు. రేకు మీద గీసింది కాగితం మీద అద్దంలో చూసినట్టు తిరగబడి పడుతుంది. రేకు వెంట పట్టుకెళ్ళి ఎదురుగా కూర్చుని గీసుకున్నవాడికి అదే ఫలితం. అమెరికన్ చిత్రకారుడు విస్లర్ వెనిస్‌లో గీసిన ఎచింగ్‌లలో ఊరంతా తిరగబడే ఉంటుంది, ఆయన పట్టించుకోలేదు. పారిస్‌ను గీసిన షార్ల్ మెరియోన్ మాత్రం ముందే తిప్పి గీసుకునేవాడు. మీ కళాకారుడు చోటికి వెళ్ళి గీశాడన్నదానికి ఇదొక సూచన, నాకైతే నచ్చే సూచన.

ఇప్పుడు అసలైన ఎచింగా, పుస్తకాలు, పోస్టర్లు అచ్చువేసే యంత్రం మీద, అంటే ఆఫ్‌సెట్‌లో వేసిన బొమ్మా అన్న విషయం. రాగిరేకు మీద మైనం, తారు, గుగ్గిలం లాంటివి కలిపిన పొర పూస్తారు. సూదితో గీస్తే ఆ పొర చిరిగి రాగి బయటపడుతుంది. రేకును యాసిడ్‌లో ముంచితే బయటపడ్డచోట మాత్రమే తింటుంది, గాడి పడుతుంది. పొర తుడిచేసి, ఇంకు రుద్ది, పైన మిగిలింది పలుచటి గుడ్డతో తుడిచి, తడిపిన కాగితం పెట్టి ప్రెస్సు రోలరు కిందుగా లాగుతారు. ఆ ఒత్తిడికి తడి కాగితం గాడిలోకి దిగి ఇంకును పట్టుకుని వస్తుంది. అందుకే ఎచింగ్ గీత కాగితం మీద కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, పాత పెళ్ళి శుభలేఖ మీది అక్షరాల్లాగా, కాకపోతే ఇంకా సన్నంగా. వేలితో తడమకండి. గదిలో లైటు ఆర్పి, ఫోన్ టార్చి పక్కనుంచి దాదాపు కాగితానికి సమాంతరంగా పట్టండి. అద్దం మీంచి కూడా కొంత తెలుస్తుంది.

నగల షాపుల్లో వాడే 10 రెట్ల భూతద్దం ఒకటి సంపాదించండి. వంతెన కమానుల కింది నీడ మీద పెట్టి చూడండి. ఎచింగ్ అయితే గీతలు విడివిడిగా, నిండు నలుపుతో, చివర్లు మొద్దుగా ఆగిపోయి ఉంటాయి. యాసిడ్ గీత పొడవునా ఒకేలా తింటుంది కాబట్టి అలా వస్తుంది. ఉలితో చెక్కిన గీత చివరికి వచ్చేసరికి సన్నబడి సూదిమొనలా ముగుస్తుంది. ఆఫ్‌సెట్ అయితే గీతలే ఉండవు, చుక్కల వరస కనిపిస్తుంది. అదే భూతద్దం ఆకాశం మీదకు తీసుకెళ్ళండి. అక్కడి గీతలు వెంట్రుకంత సన్నగా, లేతగా ఉండాలి. దూరానివి కొంచెంసేపే యాసిడ్‌లో ఉంచి తీసి, వాటిపై వార్నీషు పూసి మూసేసి, మిగతా రేకును మళ్ళీ ముంచుతారు. ఇలా రెండుమూడు దఫాలు. కొండలు లేతగా, కోట మధ్యస్థంగా, వంతెన నీడ చిక్కగా, మూడు దశలు మీ ఫొటోలోనే నాకు తెలుస్తున్నాయి. నేను దాన్ని అసలైన ఎచింగ్ అనడానికి ముఖ్య కారణం ఇదే.

బొమ్మ చుట్టూ రేకు అంచు ఒత్తిన గుర్తు, ప్లేట్ మార్క్ అంటాం, అది కూడా ఉండాలి. మీ ఫ్రేములో మౌంట్ దాన్ని కప్పేసింది, ఎడమ కింది మూలలో మాత్రం కాస్త తొంగిచూస్తోంది. అయితే ప్లేట్ మార్క్ ఒక్కటే నమ్మకండి. అచ్చు బొమ్మకు ఖాళీ రేకుతో ఉత్తుత్తి గుర్తు ఒత్తినవి బోలెడున్నాయి. ఫొటోగ్రాఫును రాగిరేకు మీదకు ఎక్కించి తీసే ఫొటోగ్రావ్యూర్‌కు నిజమైన ప్లేట్ మార్కే ఉంటుంది. దానిలో భూతద్దం కింద గీతల బదులు సన్నటి ఇసుక పోసినట్టు గింజలు కనిపిస్తాయి.

పెన్సిల్ సంతకం, 43/200 కూడా అమ్మినాయన మాటకు అడ్డొచ్చేవే. 17వ శతాబ్దంలో పేర్లు రేకులోనే చెక్కేవారు: గీసినవాడి పేరు, చెక్కినవాడి పేరు, అచ్చువేసి అమ్మేవాడి పేరు, పారిస్‌లో దుకాణం ఎక్కడో, రాజుగారి అనుమతి ఉందని ఒక ముక్క. ఆ కాలపు ఫ్రెంచి కళాకారుడు ఇజ్రాయెల్ సిల్వెస్ట్ర్ వేసిన ఊళ్ళ బొమ్మలు ఏ మ్యూజియం సైట్లోనైనా తెరిస్తే కింద ఈ చెక్కుడు రాతే ఉంటుంది. మార్జిన్లో చేత్తో పెన్సిల్ సంతకం పెట్టడం 1880ల తర్వాత ఊపందుకున్న అలవాటు. మొత్తం ఎన్ని తీశారో భిన్నంలా రాయడం మామూలైంది 20వ శతాబ్దంలో. అన్నట్టు, 43 అంటే మిగతావాటికంటే ముందు తీసినది, మెరుగైనది అనుకోవద్దు. రాగి మెత్తన, అచ్చులు తీసేకొద్దీ గీతలు అరుగుతాయి. కానీ 19వ శతాబ్దం రెండో సగం నుంచి పూర్తైన రేకు మీద విద్యుత్తుతో పలుచటి ఇనుప పూత వేయడం వచ్చింది. దానితో 200 కాపీల్లో మొదటిదీ చివరిదీ ఒకేలా వస్తాయి.

అసలు ఫ్రాన్సులో ఇలాంటి ఊళ్ళ ఎచింగ్‌లు ఇన్ని ఎందుకున్నాయంటే, 1850ల నుంచి అక్కడ ఈ కళ మళ్ళీ లేచింది. మెరియోన్ 1850-54 మధ్య పాత పారిస్ వీధుల్ని గీశాడు. ఆ వీధుల్లో కొన్ని తర్వాత పారిస్‌ను తిరగ్గట్టించిన అధికారి ఓస్మాన్ కూల్చివేతల్లో పోయాయి. 1862లో ప్రచురణకర్త అల్ఫ్రెడ్ కదార్, ముద్రాపకుడు ఓగుస్త్ దెలాత్ర్ కలిసి ఎచింగ్ కళాకారుల సంఘం పెట్టారు. పత్రికల్లో ఎచింగ్ షీట్లు కలిపి ఇచ్చేవారు. ఇంకోవైపు రైలు వచ్చింది. బోర్దో నుంచి సేత్ వెళ్ళే లైను 1857లో పూర్తై కార్కసోన్ మీదుగానే వెళ్ళింది. చూడవచ్చినవాళ్ళు ఏదో ఒకటి కొనుక్కుని వెళ్ళాలి. 20వ శతాబ్దం మొదట్లో మోన్-సాన్-మిషెల్, రువాన్, దినాన్, కార్కసోన్ లాంటి ఊళ్ళ ఎచింగ్‌లు, రంగులవీ నలుపువీ, సంతకంతో, అంకెతో, ఫ్రేము కట్టి మరీ అమ్మేవారు. మీది ఆ కోవలోదే. ఆ మాట చిన్నచూపుతో అనడం లేదు. ఆ రోజుల్లో ఒక మాదిరి కళాకారుడి చెయ్యి కూడా గట్టిగానే ఉండేది. మీ బొమ్మలో వంతెన కమానులు దూరం వెళ్ళేకొద్దీ ఎలా తగ్గుతున్నాయో చూడండి.

ఫ్రేము వెనకున్న లేబులు గురించి మీరు అడగలేదు కానీ, అది చిన్న నిధి. ఫ్రేము కట్టిన షాపు పేరు, వీధి, ఫోన్ నంబరు ఉంటాయి. ఫ్రాన్సులో ఫోన్ నంబర్లకు 1985లో 8 అంకెలు, 1996లో 10 అంకెలు వచ్చాయి. 5 అంకెల పోస్టల్ కోడు 1972 నుంచి. మీ ఫొటోలో నంబరు మూడు నాలుగు అంకెలదే, పోస్టల్ కోడు లేదు. కాబట్టి ఫ్రేము కూడా పాతదే, బహుశా బొమ్మతో పుట్టినదే. ఒక్క జాగ్రత్త: లేబులు ఫ్రేము వయసు చెబుతుంది. బొమ్మ వయసు విడిగా తేల్చుకోవాలి.

విప్పడం. విప్పొచ్చు, విప్పాలి కూడా. ఆ గోధుమ చార ఊరికే రాలేదు. అప్పటి మౌంట్ అట్టలు చవక చెక్కగుజ్జువి. వాటిలోని ఆమ్లం అంచు తాకినచోట కాగితాన్ని మాడుస్తుంది. అట్ట అక్కడ ఉన్నంతకాలం మాడుతూనే ఉంటుంది. వెనక అట్ట బదులు చెక్కపలక ఉంటే ఇంకా ఘోరం, పలకల సందులు, చెక్క నరాలు కాగితం వెనక గోధుమ చారలై దిగుతాయి.

పెద్ద బల్ల మీద శుభ్రమైన తెల్ల గుడ్డ పరిచి, ఫ్రేము బోర్లా పెట్టండి. చేతులు కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి. క్రీములు, నూనెలు ఏవీ ఉండకూడదు. వెనక కాగితం పట్టీని లేబులు చుట్టూ వదిలేసి మిగతాచోట్ల బ్లేడుతో కోయండి. చిన్న మేకుల్ని కటింగ్ ప్లయరుతో పక్కకు లాగండి, సుత్తి వద్దు. వెనక అట్ట ఎత్తి, బొమ్మనూ మౌంట్‌నూ కలిపి అట్టతో సహా తిప్పి బయటకు తీయండి. ఇక్కడ ఆగి చూడాలి. బొమ్మ పై అంచు దగ్గర ఒకటి రెండు చోట్ల మాత్రమే అంటించి ఉంటే మీ అదృష్టం. టేపు కనిపిస్తే లాగొద్దు, కాగితం పై పొర దానితోపాటే లేచి వస్తుంది. బొమ్మ మొత్తం అట్టకు జిగురుతో అంటి ఉంటే అక్కడితో మీ పని అయిపోయింది, మళ్ళీ మూసేయండి.

శుభ్రం చేయడమంటే మెత్తటి బ్రష్షుతో వెనకవైపు, మార్జిన్ల మీద దుమ్ము తోయడం వరకే. రబ్బరు, తడి దూది, బ్రెడ్డు ముక్క, ఎండలో పెట్టడం, యూట్యూబులో చూపించే బ్లీచింగ్ నీళ్ళు, వీటిలో ఏదీ మీ చేతుల్లోకి రాకూడదు. బ్లీచింగ్‌తో ఆ రోజు తెల్లగా మెరుస్తుంది. ఆ తర్వాత కాగితం పెళుసెక్కి, పచ్చబడి, ముట్టుకుంటే విరుగుతుంది. అలా నా దగ్గరకు వచ్చిన బొమ్మల్ని నేనేమీ చేయలేక తిరిగి ఇచ్చేశాను. పెన్సిల్ సంతకం దగ్గర రబ్బరు పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆకాశం మీది గోధుమ చుక్కలు తేమ వల్ల, కాగితంలోని ఇనుప రేణువుల వల్ల, బూజు వల్ల వచ్చేవి. వాటిని తగ్గించగలిగేది శిక్షణ ఉన్నవాళ్ళు నీళ్ళల్లో చేసే పని. మీ ఊళ్ళో అయితే "రెస్తొరాతర్ దార్ గ్రాఫిక్" అని వెతకండి. నలభై యూరోల బొమ్మకు దాని పది రెట్లు ఖర్చయినా ఆశ్చర్యపోకండి. నేనయితే ఆ చుక్కల్ని అలాగే ఉంచేస్తాను, వయసు ముఖం మీద కనిపిస్తే తప్పేముంది.

బయటకు తీసినప్పుడే కాగితాన్ని కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టి నీటిగుర్తు ఉందేమో చూడండి. ఆర్ష్, రీవ్ లాంటి మిల్లుల పేర్లు ఒక మూలన తెల్లగా కనిపించవచ్చు. నీటిగుర్తు ఉంటే ఫొటో తీసుకోండి. సంతకం కూడా పక్క వెలుతురులో తీస్తే అక్షరాలు తేలతాయి. పేరు ఊహించగలిగితే ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయం వారి గాలికా సైట్లో వెతకొచ్చు. కార్కసోన్‌లోనే ఓద్ జిల్లా ఆర్కైవ్స్ ఉంది, తూలూజ్ నుంచి గంట ప్రయాణం. కోట బొమ్మలు వాళ్ళకు కొట్టిన పిండి. ఫ్రేము ఊళ్ళోదైతే కళాకారుడూ ఆ చుట్టుపక్కలవాడే అయ్యుండొచ్చు, కాబట్టి అక్కడ అడగడం పారిస్‌లో అడగడం కంటే మేలు.

మళ్ళీ కట్టించేటప్పుడు పాత ఫ్రేమునే వాడండి. మౌంట్, వెనక అట్ట మాత్రం నూలుగుజ్జు మ్యూజియం బోర్డు పెట్టించండి. బొమ్మను పై అంచులో రెండుచోట్ల జపాను కాగితం ముక్కలతో, గోధుమపిండి గంజితో వేలాడదీయాలి. సెల్లోటేపు, ఫెవికాల్, రెండువైపులా అంటుకునే టేపు వద్దు. అద్దం బొమ్మకు తగలకూడదు, మధ్య మౌంట్ మందమైనా ఎడం ఉండాలి. కిందటి లేబులును వెనక ఒక పాలియెస్టరు కవరులో పెట్టి అంటించండి. ఈ పని తూలూజ్‌లోనే చేయించుకుని వెళ్ళండి. విజయవాడలో ఫ్రేములు కట్టే షాపుల్లో చేతిపని బాగుంటుంది కానీ వెనక హార్డ్‌బోర్డు, చుట్టూ బ్రౌన్ టేపు కొట్టి గంటలో చేతిలో పెడతారు. మ్యూజియం బోర్డు మీరే పట్టుకెళ్ళి ఇస్తే తప్ప.

విజయవాడ సంగతి. అక్కడి ఎండ కంటే నాకు వానాకాలం భయం. గాలిలో తేమ 65-70 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే కాగితం మీద బూజు లేస్తుంది. మీ బొమ్మలో ఇప్పటికే చుక్కలున్నాయి, అంటే విత్తనాలు లోపలే ఉన్నాయి. వాన కొట్టే బయటి గోడకు వద్దు, రెండు గదుల మధ్య గోడ చూసుకోండి. ఫ్రేము కింది మూలల్లో వెనకవైపు చిన్న బెండు బిళ్ళలు అంటిస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది, సిల్వర్‌ఫిష్ పురుగులు దాక్కునే చోటు తగ్గుతుంది. అవి గంజిని, కాగితాన్ని ఇష్టంగా తింటాయి. కొత్తిల్లు అన్నారు కదా, సున్నం, రంగులు పూర్తిగా ఆరడానికి కొన్ని నెలలు పడుతుంది. గృహప్రవేశం రోజునే వేలాడదీయాలన్న ముచ్చట ఉంటే ఆ రోజు పెట్టి, ఫొటోలు అయ్యాక తీసి బీరువాలో పెట్టండి. హోమం పొగ, కర్పూరం మసి తగిలే చోటికి దూరంగా ఉంచండి. పడమటి కిటికీ ఎదుట గోడ కూడా వద్దు. ఇంకు నల్లదే కాబట్టి వెలిసిపోదు, కానీ కాగితం పచ్చబడుతుంది. దాని మీద చిన్న స్పాట్ లైటు వేసుకోవాలన్న ఆలోచన ఉంటే మానేయండి.

విమానంలో తీసుకెళ్ళేటప్పుడు అద్దం తీసేసి, బొమ్మను రెండు గట్టి అట్టల మధ్య పెట్టుకుని చేతిలో ఉంచుకోవడం నయం. అద్దం మన దగ్గరే కోయించుకోవచ్చు. కొన్నప్పుడు రసీదు ఇవ్వకపోయినా తేదీ, ధర, ఊరు రాసి ఒక కాగితం పెట్టుకోండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: మన 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళావస్తువును దేశం నుంచి బయటకు తీసుకెళ్ళనివ్వరు. ఎప్పుడైనా తిరిగి ఫ్రాన్సు తీసుకెళ్ళాలన్న ఉద్దేశం ఉంటే, అది బయటినుంచే వచ్చిందని చూపే కాగితం ఉండి తీరాలి.

విలువ: పేరు తేలని కళాకారుడివి, ఈ కాలానివి, ఈ సైజువి కొన్ని పదుల యూరోల నుంచి నూటయాభై దాకా పోతాయి. మచ్చలుంటే కింది అంచు. మీరు పెట్టిన నలభై సరైన ధరే, మోసపోలేదు. సంతకం తెలిసినవాడిదని తేలితే ఇంకాస్త. ఆ సంతలో అమ్మినాయన వయసు తప్పు చెప్పినా ధర సరిగ్గానే చెప్పాడు, నిజంగా 17వ శతాబ్దం అని నమ్మి ఉంటే నలభైకి ఇచ్చేవాడా?

విప్పినప్పుడు మూడు ఫొటోలు తీసి ఇక్కడే పెట్టండి: పక్క వెలుతురులో సంతకం, ప్లేట్ మార్క్ మూల దగ్గరగా, వెలుతురుకు పట్టిన కాగితం. చర్చి ఎడమవైపు ఉందో కుడివైపు ఉందో కూడా రాయండి.